స్తంభానికి వైఫై కట్టాలా? ఒక వాదోపవాదం

నగరం నడిబొడ్డున, అంటే బస్సులు ఆగేచోట, ఆఫీసులూ కోర్టూ పెద్దాసుపత్రీ ఉండేచోట, ఎవరైనా వాడుకునేలా కార్పొరేషన్ ఉచిత వైఫై పెట్టాలా వద్దా అన్నది ఇక్కడి తగువు. సుధకి ఇరవై ఆరేళ్లు, పెట్టాల్సిందే అంటుంది. వాళ్ల బాబాయి టెలిఫోన్ లైన్ల పని చేసి, స్తంభాలెక్కి గుంటల్లో దిగి రిటైరైన మనిషి, వద్దంటాడు. రెండు గొంతులూ నేనే రాశాను కాబట్టి నాకే మొగ్గూ లేదని బుకాయించను. సుధ వైపు మొదలుపెట్టి, రాస్తూ రాస్తూ బాబాయి వైపు కొంచెం జరిగాను.

సుధ: బాబాయ్, వీధి దీపం కింద నడిచేవాడిని నెలకింత కట్టమని ఎవరూ అడగరు కదా. కుళాయి అంతే, బెంచీ అంతే, ఫుట్‌పాత్ అంతే. ఇంటర్నెట్ దగ్గరికొచ్చేసరికి మాత్రం రీచార్జ్ చేయించుకున్నవాడికే అంటారేంటి? ఆసుపత్రి చీటీ ఫోన్లో, హాల్ టికెట్ ఫోన్లో, పెన్షన్ దరఖాస్తు ఫోన్లో. సరిగ్గా ఆ పని పడ్డ రోజే డేటా అయిపోతుంది.

బాబాయి: దీపం పోలిక అందరూ చెప్పేదే. దీపం వేస్తే వెలుగు నీ మీద పడుతుంది, అక్కడితో సరి, నువ్వు తిరిగి దానికేమీ పంపక్కర్లేదు. వైఫై అలా కాదమ్మా. స్తంభం మీది పెట్టెకి పెద్ద యాంటెన్నా ఉంది, కరెంటుకి లోటు లేదు, గట్టిగా అరుస్తుంది. నీ ఫోను బ్యాటరీ పొదుపు చేసుకుంటూ గుసగుసలాడుతుంది. దాని మాట నీకు వినిపిస్తుంది కాబట్టి గీతలన్నీ నిండుగా కనిపిస్తాయి, నీ మాట దానికి చేరదు కాబట్టి పేజీ మాత్రం తెరుచుకోదు.

సుధ: పెట్టెలు దగ్గరదగ్గరగా పెడితే తీరిపోయేదానికి ఇంత కథా?

బాబాయి: అమెరికాలో ఫిలడెల్ఫియా వాళ్లూ అలాగే అనుకున్నారు. 2004లో ఊరు మొత్తం, 135 చదరపు మైళ్లు, వైఫైతో కప్పేస్తామని ప్రకటించారు. ఎర్త్‌లింక్ అనే ఇంటర్నెట్ కంపెనీ నా డబ్బుతో నేనే కడతానని ముందుకొచ్చింది. తీరా పని మొదలయ్యాక చూస్తే లెక్కలో రాసుకున్నదానికంటే చాలా ఎక్కువ పెట్టెలు కావాల్సి వచ్చింది, పైగా గోడలు దాటి సిగ్నల్ సరిగ్గా ఇళ్లలోకి పోదు. ఇంట్లో అందనిదానికి చందా ఎవరు కడతారు? 2008 మేలో కంపెనీ చేతులెత్తేసింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో అదే కంపెనీ గూగుల్‌తో కలిసి వేసుకున్న పథకమైతే 2007లో స్తంభం ఎక్కకముందే ఆగిపోయింది.

సుధ: అప్పటి సరుకుతో ఇప్పటి తూకమా? అప్పుడు వైఫై చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ అనే రేడియో పట్టీ మీదే నడిచింది, అందులో ఒకదానికొకటి అడ్డం రాని ఛానెళ్లు, అంటే దారులు, మూడంటే మూడు, బ్లూటూత్ నుంచి మైక్రోవేవ్ ఓవెన్ దాకా అన్నీ అక్కడే దూరతాయి. ఇప్పుడు 5 గిగాహెర్ట్జ్ పట్టీలో బోలెడు చోటుంది. అయినా ఓడిపోయినవే చెప్తావు నువ్వు. అదే అమెరికాలో మినియాపొలిస్ సంగతి చెప్పవేం? 2007 ఆగస్టు 1న అక్కడ నది మీద వంతెన కూలి 13 మంది చనిపోయారు, ఊళ్లో అందరూ ఒకేసారి ఫోన్లు చేసేసరికి సెల్ లైన్లు కిక్కిరిసిపోయాయి. నగరం వైఫై అప్పటికి సగమే కట్టారు, దాన్నే ఆ సాయంత్రం అందరికీ ఉచితంగా తెరిచేశారు. సహాయ సిబ్బందికీ అదే అక్కరకొచ్చింది.

బాబాయి: అది కాదనను. ఆ రోజు అది లేకపోతే ఇంకా కష్టమయ్యేది. కానీ మినియాపొలిస్‌లో అది ఆ తర్వాత కూడా ఎలా నడిచిందో చూడు. ఎవరొచ్చినా రాకపోయినా మా ఇన్‌స్పెక్టర్లకీ మా పోలీసులకీ ఇంత వాడకం కొనుక్కుంటామని కార్పొరేషనే ముందుగా సంతకం పెట్టింది. ఏటా వచ్చే డబ్బు ఖాయం కాబట్టి కంపెనీ పారిపోలేదు. ఫిలడెల్ఫియాలో అలాంటి ఆసరా లేదు. రెండు ఊళ్లలోనూ అదే వైఫై, అవే స్తంభాలు. తేడా అంతా ఆ సంతకంలోనే ఉంది.

(ఇక్కడ సుధ దగ్గర వెంటనే జవాబు ఉండాలని రాసి చూశాను, రాలేదు. ఆమె ప్రకటనల మీదికి మళ్లింది.)

సుధ: కార్పొరేషన్ జేబు తడమక్కర్లేకుండా ప్రకటనలతో నడపొచ్చు. న్యూయార్క్‌లో 2016 నుంచి పాత టెలిఫోన్ బూత్‌ల చోట లింక్ స్తంభాలు పెట్టారు, రెండు పక్కలా 55 అంగుళాల తెరలు, గిగాబిట్ వైఫై, ఉచితంగా ఫోన్ కాల్, చార్జింగ్ కూడా.

బాబాయి: అవును, దానికి ట్యాబ్లెట్ కూడా బిగించారు, జనం గంటలు గంటలు దాని ముందే కూర్చుంటున్నారని గొడవైతే అదే ఏడాది సెప్టెంబరులో అందులో బ్రౌజర్ తీసేశారు. ఇంటర్నెట్ లేనివాళ్ల కోసం పెట్టామని చెప్పి, లేనివాళ్లు వచ్చి కూర్చుంటే ఇబ్బంది పడ్డారన్నమాట! సరే, అది పక్కన పెట్టు. ప్రకటన డబ్బు ఎక్కడుంటుంది? కొనేవాళ్లు తిరిగేచోట. అందుకే ఆ స్తంభాలు నగరం నడిబొడ్డు మాన్‌హటన్‌లో కిక్కిరిశాయి, బయటి పేటలకి ఆలస్యమైంది. చివరికి నగరానికి కట్టాల్సిన సొమ్ము కూడా ఆ సంస్థ బాకీ పడింది. తెర చూసేవాడి కోసం పెట్టిన స్తంభం పెన్షన్ దరఖాస్తు పెట్టేవాడి వీధికి ఎందుకెళ్తుంది చెప్పు?

సుధ: అందుకే కదా కార్పొరేషనే పెట్టాలంటున్నాను.

బాబాయి: పెడితే ఏమవుతుందో నేను చెప్పనా? స్తంభం మీద పెట్టె బిగిస్తారు. దానికి ఇరవైనాలుగు గంటలూ కరెంటు కావాలి. కొన్నిచోట్ల వీధి దీపాల లైను మొత్తానికి ఒకే స్విచ్చు, తెల్లారితే తీగలో కరెంటే ఉండదు. అంటే విడిగా లైను లాగాలి, లేదా బ్యాటరీ పెట్టాలి. తర్వాత ఆ పెట్టెకి ఇంటర్నెట్ ఎక్కడి నుంచి? ప్రతి స్తంభానికీ ఫైబర్ వేయాలంటే రోడ్డు తవ్వాలి, ఖర్చులో పెద్దపద్దు ఆ తవ్వకమే. తవ్వకుండా పెట్టె నుంచి పెట్టెకి గాలిలోనే అందిద్దామా అంటే, వినడానికీ చెప్పడానికీ ఒకే రేడియో అయితే ఒక్కో అంచె దాటేసరికి వేగం సగం అవుతుంది. మూడు అంచెలు దాటాక నీ హాల్ టికెట్ తెరుచుకునేలోపు బస్సు వెళ్లిపోతుంది. ఇవన్నీ అయ్యాక ఎండ, వాన, పిట్టలు, చెట్టు కొమ్మలు. ప్రారంభోత్సవానికి వచ్చినవాళ్లలో మళ్లీ స్తంభం వైపు తలెత్తి చూసేవాడు ఒక్కడూ ఉండడు.

సుధ: నువ్వు ప్రతిదానికీ నిచ్చెన వేసుకునే ఆలోచిస్తావు బాబాయ్.

బాబాయి: నిచ్చెన లేకుండా బాగుపడ్డ లైను నేను చూడలేదు.

సుధ: సరే, బాగా కట్టినదే అనుకుందాం. అప్పుడు కూడా వద్దా?

బాబాయి: బాగా కట్టినా నడిచేవాడికి అది బెడదే. మొన్న నా ఫోనే చూడు. ఎప్పుడో ఒకసారి ఎక్కిన ఉచిత వైఫై ఒకటి దానికి గుర్తుండిపోయింది. రోడ్డు దాటుతుంటే ఎక్కడో దూరం నుంచి అది తగిలింది, ఫోను దానంతట అదే మొబైల్ డేటా వదిలేసి దీన్ని పట్టుకుంది. అదే టైముకి నేను క్యూఆర్ స్కాన్ చేసి డబ్బు కట్టబోతున్నాను. తిరుగుతోంది, తిరుగుతోంది, వెనక నలుగురు నిలబడ్డారు. పైన వైఫై గుర్తు నిక్షేపంగా ఉంది, లోపల చుక్క డేటా రాదు, ఎందుకంటే ముందు దాని పేజీ తెరిచి నంబరు కొట్టి ఓటీపీ ఇవ్వాలట. వైఫై ఆపేశాకే డబ్బు వెళ్లింది. అప్పటి నుంచీ ఆపే ఉంచాను.

సుధ: ఆ ఓటీపీ గోల మాత్రం నాకూ ఒళ్లుమంటే. సిగ్నల్ లేకే వైఫై వెతుక్కుంటాం, వైఫై ఎక్కాలంటే ఎస్సెమ్మెస్ రావాలి, ఎస్సెమ్మెస్ రావాలంటే సిగ్నల్ ఉండాలి! ఎవరు వాడారో రేపు పోలీసులు అడిగితే చెప్పాలని పెడతారు. కానీ దానికి విరుగుడు లేకపోలేదు. యూనివర్సిటీలవాళ్లు ఎడ్యురోమ్ వాడతారు కదా, సొంత కాలేజీలో ఒక్కసారి పెట్టుకుంటే వేరే దేశం యూనివర్సిటీకి వెళ్లినా ఫోను దానంతట అదే కలుస్తుంది, పేజీ లేదు, ఓటీపీ లేదు. అదే పద్ధతి మామూలు జనానికి ఓపెన్‌రోమింగ్ పేరుతో ఉంది. నగరాలు పెట్టుకోకపోవడం బద్ధకం.

బాబాయి: బద్ధకమేం కాదు. నీ నంబరు దొరకడం వాళ్లకి లాభం. 2013లో లండన్‌లో ఒక కంపెనీ చెత్తకుండీలకి పరికరాలు పెట్టి, పక్కనుంచి వెళ్లే ఫోన్ల వైఫై చిరునామాలు, అంటే ఏ ఫోనో గుర్తుపట్టే నంబర్లు, ఏరుకుంది. ఆ నడిచేవాడు దేనికీ లాగిన్ అవ్వలేదు, జేబులో ఫోనుతో నడిచాడు, అంతే. బయటపడ్డాక ఆపించారు.

సుధ: ఆ తర్వాతే ఫోన్లు చిరునామా మార్చి మార్చి చెప్పడం నేర్చుకున్నాయి. ఇప్పుడు ఐఫోన్ అయినా ఆండ్రాయిడ్ అయినా ఒక్కో నెట్‌వర్క్‌కి ఒక్కో దొంగ చిరునామా ఇస్తుంది. పాస్‌వర్డ్‌లు కొట్టేస్తారన్న భయం కూడా పాతబడింది, సైట్లు దాదాపు అన్నీ గుప్తీకరించే పంపుతున్నాయి. అదే పేరుతో పక్కన దొంగ వైఫై పెట్టేవాడి భయం మాత్రం ఇంకా ఉంది, ఒప్పుకుంటాను.

బాబాయి: సరే, అది వదిలెయ్. నీ వాదం మొత్తానికి అడ్డమొచ్చేది ఇంకోటుంది. మన రైల్వే స్టేషన్లలో రైల్వేవాళ్ల టెలికాం సంస్థ రైల్‌టెల్, గూగుల్ కలిసి 2016 జనవరిలో ముంబై సెంట్రల్‌తో మొదలుపెట్టి 400కి పైగా స్టేషన్లలో ఉచిత వైఫై పెట్టారు. 2020లో గూగుల్ ఏమంది? మొబైల్ డేటా చవకైపోయింది, ఇక మా అవసరం లేదని తప్పుకుంది. అంత పెద్ద కంపెనీకే అక్కర్లేదనిపించింది.

సుధ: రైల్‌టెల్ మానేసిందా? 6 వేలకు పైగా స్టేషన్లకు పాకింది. రోజుకి మొదటి అరగంట ఉచితం. గూగుల్‌కి అక్కర్లేకపోవడం వేరు, ప్లాట్‌ఫాం మీద కూర్చుని పోటీ పరీక్షకి పాఠాలు దించుకునే కుర్రాడికి అక్కర్లేకపోవడం వేరు. రెండూ ఒకటే అంటావా?

బాబాయి: అనను. కానీ నీ నోటితో నువ్వే అన్నావు, కూర్చుని అని. స్టేషన్లో మనిషి కూర్చుంటాడు, పైన కప్పుంది, పగలూ రాత్రీ కరెంటుంది, పట్టాల పక్కనే ఫైబర్ పోతోంది, చూసుకోవడానికి స్టాఫ్ ఉంది. అందుకే అక్కడ నిలబడింది. దాన్ని తీసుకెళ్లి నడిరోడ్డు మీద పెడతానంటేనే నాకు అభ్యంతరం. వైఫై అనేది కూర్చున్నవాడి సరుకు. నడిచేవాడికి సెల్ టవరుంది, ఒక టవరు నుంచి ఇంకో టవరుకి నిన్ను జారిపోకుండా అందించడానికే అది పుట్టింది.

(నేను జరిగింది ఈ మాట దగ్గరే.)

సుధ: అయితే సరే, నడిరోడ్డు వదిలేస్తాను. బస్టాండు, ఆసుపత్రి వరండా, లైబ్రరీ.

బాబాయి: లైబ్రరీకి ఎవరు వద్దన్నారు?

సుధ: లోపల అనలేదు నేను. 2020లో అంతా మూతపడ్డప్పుడు అమెరికాలో లైబ్రరీలు తాళం వేసి కూడా వైఫై ఆపలేదు. పిల్లలు పార్కింగ్‌లో కార్లలో కూర్చుని, గోడవతల నుంచి వచ్చే సిగ్నల్‌తో పాఠాలు విన్నారు. నువ్వు కూర్చునేచోటు అంటే కప్పు, కుర్చీ, లోపలికి రానిచ్చే వాచ్‌మన్ అన్నీ ఉన్నాయనుకుంటున్నావు. ఆ వాచ్‌మనే రాత్రంతా బయట కూర్చుంటాడు, అతనికి కూడా ఇంటికి వీడియో కాల్ చేసుకోవాలని ఉంటుంది. ఆసుపత్రి గేటు బయట చెట్టు కింద పడుకునే పేషెంట్ తాలూకువాళ్లకి వరండాలోకే ప్రవేశం లేదు. డేటా చవక అన్న మాట నెలనెలా వేయించుకోగలిగినవాడు అనేది బాబాయ్. ఇంట్లో ఒక్క ఫోను, ఇద్దరు పిల్లలు, నెలాఖరు, అప్పుడు చూడు చవకో కాదో.

బాబాయి: ...గోడకి బయటివైపు యాంటెన్నా పెట్టడం పెద్ద పని కాదు. కరెంటు లోపలి నుంచే వస్తుంది, లైను లోపలిదే. రోడ్డు తవ్వక్కర్లేదు. ఆ మాట ముందే చెప్తే ఇంత అరిచేవాణ్ణి కాదు.

సుధ: చుట్టూ కొట్లవాళ్లు కూడా పెట్టొచ్చు. పీఎం వాణి అని 2020 డిసెంబరులో కేంద్రం ఒప్పుకుంది కదా, లైసెన్సు అక్కర్లేకుండా ఏ చిన్న కొట్టువాడైనా తన లైను మీద వైఫై అమ్ముకోవచ్చు.

బాబాయి: రాత్రి షట్టర్ దించుతూ రూటర్ కూడా ఆపేసి వెళ్తాడు. నీ వాచ్‌మన్ అప్పుడే డ్యూటీ ఎక్కుతాడు.

సుధ: యూరప్‌లో వైఫై4ఈయూ అని, ఊరికి 15,000 యూరోల చొప్పున సామాను డబ్బు పైనుంచి ఇచ్చారు, పార్కుల్లో, లైబ్రరీల్లో పెట్టుకోమని. అలాంటిదైనా అడుగుదాం.

బాబాయి: నెలనెలా బిల్లు ఊరే కట్టుకోవాలి, కనీసం మూడేళ్లు నడపాలి, అదీ షరతు. మంచి షరతే. నాలుగో ఏడు సంగతి?

సుధ: దరఖాస్తు నేను రాస్తాను. మూడే చోట్లు, మూడింటికీ బయటివైపు యాంటెన్నా, రాత్రంతా నడవాలి, ఓటీపీ లేకుండా.

బాబాయి: ప్రతి పెట్టె కిందా ఫిర్యాదు నంబరు రాయమను. పెయింటుతో రాయాలి, స్టిక్కరైతే ఒక్క వానకి ఊడిపోతుంది.

సుధ: ఎవరి నంబరు?

బాబాయి: గంట నుంచి నేనడుగుతున్నదీ అదే.