గ్నోమ్ ఇంజన్ గారికి ఒక ఆముదపు విన్నపం

మహారాజశ్రీ తొమ్మిది సిలిండర్ల గ్నోమ్ మోనోసూపాప్ ఇంజన్ గారి (పాతకాలపు విమాన ఇంజన్‌కి నాలుగో వంతు సైజు నమూనా, మకాం మా కారు షెడ్డు) దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి. ఉభయుల్లో కుశలంగా ఉన్నది తమరొక్కరే.

పోయిన ఆదివారం తమరు నాలుగు సెకన్లు తిరిగారు. ఆ నాలుగు సెకన్లు నమ్ముకుని ఈ ఆదివారం మా మామగారిని పిలిచాను. ఇస్త్రీ నలగని తెల్ల లాల్చీలో వచ్చారు. మూడింటి నుంచి అయిదున్నర దాకా ప్రొపెల్లర్ తిప్పాను. తమరు ఒకసారి తుమ్మారు, అంతే. ఎదురుగా నిలబడొద్దు, దూరంగా పక్కకి రండి అని ఆయన్ని జరిపింది నేనే. మీలో క్రాంక్‌షాఫ్ట్ అనే ఇరుసు పడక్కుర్చీలో తాతగారిలా కదలదు, సిలిండర్లన్నీ ఇంటిల్లిపాదిలా దాని చుట్టూ పరిగెడతాయి. అలాంటప్పుడు లోపలి ఆముదం చిమ్మేది సరిగ్గా ఆ పక్కకే అని నాకు తోచొద్దూ? భుజం నుంచి జేబు దాకా స్కేలు పెట్టి గీసినట్టు ఒకటే చార. ఆయన ఏమీ అనలేదు. ఆముదం తాగిన మొహం పెట్టారు. కొంచెం నిజంగానే నోట్లో పడిందేమో.

మొదటి ప్రపంచ యుద్ధంలో పైలట్లు ఈ ఆముదమే పీల్చి, మింగి, దిగీ దిగగానే చెంబు కోసం వెతుక్కునేవారట. పెట్రోల్‌లో అంత తేలిగ్గా కరగదని మీకు కందెనగా ఆముదమే కావాలి. సరే అన్నాను. వేగం పెంచి తగ్గించే మామూలు థ్రాటిల్ ఉండదన్నారు, సరే. సిలిండర్‌కి వాల్వ్ ఒక్కటే (మోనోసూపాప్ అంటే అర్థమే అది), పోనీలే పని తగ్గిందనుకున్నాను.

కానీ ఆ రింగులు!

పిస్టన్లు 9, వాటికీ సిలిండర్ గోడకీ మధ్య సందు మూసేందుకు ఒక్కోదానికి రెండు చొప్పున 18 రింగులు. చేసినవి 41. కాస్ట్ ఐరన్ రాడ్డుని లేత్‌కి బిగించి, మిల్లీమీటరు మందాన కోసి, ఒకచోట చీల్చి, ఆ సందులో చిన్న ముక్క దూర్చి, ఎర్రగా కాల్చి చల్లారిస్తే గానీ స్ప్రింగు గుణం రాదు. తర్వాత రెండు బొటనవేళ్ళ గోళ్ళతో సందు విడదీసి, ఊపిరి బిగబట్టి, పిస్టన్ మీదికి జార్చాలి. గాడి ఇంకో వెంట్రుకవాసి ఉందనగా, టిక్. అప్పడం విరిగినంత చప్పుడు కూడా ఉండదు. అర్ధరాత్రి ఆ టిక్ విని బూతులు మింగినవాడికే తెలుస్తుంది.

ఇంతా చేస్తే ఇవాళ అయిదో సిలిండర్‌లో కంప్రెషన్ (లోపలి గాలి బిగింపు) లేదు! సిలిండర్లు పేలే వరసలో 1-3-5 దాకా వస్తావు, అక్కడ గొంతు పూడుకుపోతుంది. సిలిండర్ గోడ పలచనై, ముందువైపు ఒకలా వెనకవైపు ఒకలా వేడెక్కి గుండ్రం చెడుతుందని, నిన్ను పుట్టించిన సెగాన్ సోదరులే మామూలు రింగుని నమ్ముకోలేదు. పలచటి ఇత్తడి రింగు పెట్టుకున్నారు. దాన్ని నాలుగో వంతుకి కుదిస్తే మిగిలేది కాగితం, నేనేం చెయ్యను? కొలతలు నాలుగో వంతయితే లోపలి చోటు 64వ వంతు. 12.8 లీటర్లవాడివి 200 సీసీకి దిగావు. మా వీధి చివర కుర్రాడి బైకూ 200 సీసీయే. బొటనవేలితో బటన్ నొక్కుతాడు, లేస్తుంది. నీకేం రోగం? చేసేదేమో 1913 నాటి దొరగారి పోకడలు!

అయిదున్నరకి నిన్ను కిలోల లెక్కన పాత ఇనుము వాడికి వేద్దామనే అనుకున్నాను. మా ఆవిడ కాఫీ ఇస్తూ, "తిరుగుతున్నది అదా, మీరా?" అంది. మామగారు మాత్రం గేటు దగ్గర ఆగి, లాల్చీ అంచు ముక్కు దగ్గర పెట్టుకుని, "మా అమ్మ దీపం పెట్టిన వాసనోయ్" అన్నారు.

పోయిన వారం ఆ నాలుగు సెకన్లూ సిలిండర్లన్నీ కలిసిపోయి వెండి పళ్ళెంలా కనిపించావు. అదీ నీ అదృష్టం.

అయిదో పిస్టన్ ఊడదీశాను. రాడ్డు ఇంకా అడుగున్నర ఉంది. 42వ రింగు రేపు రాత్రి. అదీ టిక్‌మందో, చెప్తాను నీ సంగతి.

ఇట్లు,
గోళ్ళ సందుల్లో ఆముదం వదలని
నీ ఫిట్టరు, టర్నరు, మెకానిక్కు