ముల్లు పోలేదు, కృప చాలింది

విశ్వాసం గట్టిగా ఉంటే కష్టం దానంతటదే తొలగిపోతుందని నేను చదివిన ఒక వ్యాసంలో రాశారు. ఆ ఒక్క మాట దగ్గర నా మనసు ఒప్పుకోలేదండీ. శరీరంలోని ముల్లు, అంటే తనను వదలని ఒక బాధ, తీసేయమని అపొస్తలుడైన పౌలు ప్రభువును మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు. "నా కృప నీకు చాలును" అన్న జవాబు వచ్చింది (బైబిల్లో 2 కొరింథీ 12). పౌలుకు విశ్వాసం తక్కువని ఎవరనగలరు?

మా అమ్మకు ఆరేళ్లు డయాలసిస్ జరిగింది. వారానికి మూడు రోజులు, వెళ్లిన ప్రతిసారీ నాలుగు గంటలు. సూది గుచ్చేటప్పుడు కళ్లు మూసుకుని కీర్తన అందుకునేది. పెదాలు కదిలేవి గానీ గొంతు పెగిలేది కాదు. పక్క మంచం మీది పెద్దాయన "కాస్త గట్టిగా పాడమ్మా" అనేవాడు. ఫిలిప్పీ పట్టణపు చెరసాలలో పౌలు, ఆయన తోటి సేవకుడు సీల దెబ్బలు తిని, కాళ్లకు బొండ (కదలకుండా బిగించే కొయ్య) వేసి ఉన్నా నడిరాత్రి పాడుతుంటే తోటి ఖైదీలు విన్నారని చదివినప్పుడల్లా నాకు ఆ గదే కళ్లముందు మెదులుతుంది.

సంఘంలో కొందరు "ఇంకా ఉపవాసం ఉండాల్సింది" అన్నారు. సూది కంటే ఆ మాటే అమ్మను ఎక్కువ గుచ్చింది. దయచేసి రోగుల దగ్గర అలా అనకండి, పక్కన కూర్చుని ఒక పాట పాడండి.

అమ్మ ప్రభువు దగ్గరకు వెళ్లి రెండేళ్లయింది. ఆమె బైబిల్లో ఆ కొరింథీ పేజీ అంచున పసుపు వేలిముద్ర ఇంకా అలాగే ఉంది.