జౌమె ఓటమికి దురాశ ఒక్కటే కారణం కాదు

ఉర్గెల్ ప్రాంతపు కౌంట్ (ప్రభువు) జౌమె దురాశకు పోయి, ఇప్పటి స్పెయిన్‌లో ఉన్న అరగాన్ రాజ్య సింహాసనం పోగొట్టుకున్నాడని మీ వ్యాసంలో ఒక్క ముక్కలో తేల్చేశారు, అది అన్యాయం అండీ. 1410లో అరగాన్ రాజు మార్టిన్ చనిపోయేనాటికి సక్రమ వారసుడు లేడు, సిసిలీ రాజుగా ఉన్న కొడుకు అంతకు ముందు ఏడాదే పోయాడు. మగవాళ్ల వరుస చూస్తే జౌమె అదే రాజవంశం వాడు, పైగా మార్టిన్ సవతి చెల్లెలు ఇసబెల్‌ని పెళ్లి చేసుకున్నాడు. చివరికి సింహాసనం దక్కించుకున్న ఫెర్డినాండ్ పొరుగు రాజ్యం కాస్టీల్ రాజవంశం వాడు, మార్టిన్‌కి మేనల్లుడు, అంటే తల్లి వైపు నుంచి వచ్చిన హక్కు. కాబట్టి జౌమె అడిగిందాంట్లో తప్పేముంది?

అతన్ని అసలు దెబ్బతీసింది 1411లో జరిగిన హత్య. జరగోసా ఆర్చ్‌బిషప్‌ని జౌమె పక్షం వాడైన అంతోన్ దె లూనా చంపడంతో అరగాన్‌లో చాలామంది ఇతనికి ఎదురు తిరిగారు, ఫెర్డినాండ్ కాస్టీల్ సైన్యాన్ని లోపలికి పంపడానికి దారి దొరికింది. ఇంత పెద్ద సంగతి వ్యాసంలో లేనే లేదు! 1412లో కొత్త రాజును ఎంచడానికి కాస్పే పట్టణంలో, ఆ రాజ్యంలోని అరగాన్, కాటలోనియా, వలెన్సియా ప్రాంతాల నుంచి ముగ్గురేసి చొప్పున తొమ్మిది మంది కూర్చుంటే ఆరుగురు ఫెర్డినాండ్ వైపే నిలిచారు. అప్పటికే కాస్టీల్ డబ్బు, సైన్యం, పోప్ పదవి తనదేనంటున్న పదమూడో బెనెడిక్ట్ అండ, అన్నీ అటే ఉన్నాయి.

అయితే 1413లో తిరగబడటం మాత్రం జౌమె చేసిన ఘోరమైన తప్పే, అక్కడ మీతో ఏకీభవిస్తాను. బలగేర్‌లో ముట్టడికి లొంగిపోయాక ఇక బయటపడలేదు, 1433లో షాతివా కోటలో ఖైదీగానే చనిపోయాడు. దయచేసి ఆ ఆర్చ్‌బిషప్ హత్య గురించి వ్యాసంలో చేర్చండి.