సవరణ: ఎయిట్ పడవ ఎప్పుడు వేగంగా వెళ్తుంది?

రోయింగ్‌లో ఎయిట్స్ (ఎనిమిది మంది తెడ్లు వేసే పడవలు) పందెం ముగింపు గురించి పోయినసారి పోస్టులో రాసినదాంట్లో రెండు తప్పులు దొర్లాయి.

మొదటిది పెద్దదే. తెడ్లు నీళ్లలో ఉండి లాగుతున్నప్పుడే పడవ అన్నిటికన్నా వేగంగా ఉంటుందని రాశాను. నిజానికి తెడ్లు గాల్లో ఉన్నప్పుడే పడవ వేగం గరిష్ఠానికి చేరుతుంది. ఎనిమిది మందీ పడవ వెనుక భాగం వైపు మొహం పెట్టి కూర్చుంటారు. స్ట్రోక్ (తెడ్డుతో నీటిని ఒకసారి లాగడం) అయ్యాక, జారే సీట్లు అటే జరుగుతాయి. దాదాపు ఏడు వందల కిలోల మనుషులు వెనక్కి జరిగితే, వంద కిలోలు కూడా లేని ఖాళీ పడవ వాళ్ల కింద నుంచి ముందుకు దూసుకెళ్తుంది. తెడ్డు నీళ్లలో పడే క్షణానికి కాళ్లు పాదాలు ఆనించే పలకను తన్నుతాయి, పడవ ఒక్కసారి మందగిస్తుంది. ఒడ్డు నుంచి చూస్తే ఈ కుదుపు తెలుస్తుంది. సీటు మీద తొందరపడి జారితే ఆ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. కోచ్‌లు "మెల్లగా జరగండి" అని గొంతు చించుకునేది అందుకే.

రెండోది, స్ట్రోక్ రేటు (నిమిషానికి వేసే స్ట్రోకులు) పది శాతం పెంచితే వేగమూ పది శాతం పెరుగుతుందన్నాను. కాదు. నీటి నిరోధాన్ని దాటడానికి కావాల్సిన శక్తి సుమారుగా వేగానికి ఘనంలా (క్యూబ్) పెరుగుతుంది. ప్రతి స్ట్రోక్‌లో బలం ఏమాత్రం తగ్గకపోయినా దక్కేది మూడు శాతమే. 2000 మీటర్లను 5 నిమిషాల 40 సెకన్లలో ముగించే జట్టు నిమిషానికి 38 స్ట్రోకులు వేస్తే, ఒక్కోదానికి 9.3 మీటర్లు కదులుతుంది. అదే వేగంతో 44 వేస్తే 8 మీటర్లే. చివర్లో అలిసిపోయి స్ట్రోక్ కురచైతే ఒళ్లు హూనం తప్ప పడవ కదలదు.

పాత పోస్టులో ఆ రెండు పేరాలు మార్చాను.