ఉచిత విహారం, ఖరీదైన సంతకం

పెట్రోలు బంకులోనో, షాపింగ్ మాల్‌లోనో, నుమాయిష్‌లోనో పేరు, ఫోను నంబరు రాసి డబ్బాలో వేసిన చీటీకి బహుమతి రాకపోవడం అంటూ ఉండదు. ఆ లాటరీలో ఓడిపోయిన మనిషిని నేనింతవరకూ చూడలేదు. నాలుగు రోజుల్లో ఫోను వస్తుంది: మూడు రాత్రులు, నాలుగు పగళ్లు గోవాలో ఉచిత బస గెలుచుకున్నారు, ఆదివారం సాయంత్రం ఫలానా హోటల్‌కు వచ్చి వోచర్ తీసుకోండి. షరతు ఒక్కటే. భార్యాభర్తలిద్దరూ రావాలి.

బహుమతి ఇవ్వడానికి ఇద్దరెందుకు? ఒక్కరే వస్తే "ఇంట్లో అడిగి చెబుతాను" అంటారు కనుక. తెలుగు మధ్యతరగతిని తరతరాలుగా కాపాడుతున్న మాట అది. నచ్చని పెళ్లి సంబంధాన్నీ, నమ్మకం కుదరని చిట్టీనీ, ఊరవతలి ప్లాటునూ ఎవరినీ నొప్పించకుండా వాయిదా వేసింది ఆ మాటతోనే. దాన్ని గుమ్మం బయటే వదిలేయించి మరీ లోపలికి రానిస్తారు.

నిరుడు మా బంధువుల జంటతో పాటు నేనూ వెళ్లాను. అక్కడ అంటగట్టేది టైమ్‌షేర్, అంటే ముందే డబ్బు కట్టి ఏటా కొన్ని రోజులు రిసార్టుల్లో బస చేసే విహార సభ్యత్వం. చెవులు హోరెత్తే సంగీతం. ఏదో ఒక బల్ల దగ్గర ఎవరో సభ్యత్వం తీసుకున్నారని పదినిమిషాలకోసారి చప్పట్లు. మొదట చెప్పిన ధరను "మేనేజర్" వచ్చి సగానికి దించాడు, ఇంకొకాయన వచ్చి ఆ సగంలోనూ కొంత కోశాడు. ఆ ధర ఆ రాత్రికే. కాగితం ఇంటికి తీసుకెళ్లి చదువుకుంటామంటే మాత్రం అందరి ముఖాల్లో నవ్వు మాయమైంది. మావాళ్లు క్రెడిట్ కార్డు గీకేశారు. ఏటా కట్టాల్సిన నిర్వహణ రుసుము సంగతి ఇంటికెళ్లి వెనక పేజీ చదివాక తెలిసింది. ఉచిత వోచర్ సంగతి సరేసరి. విమానం ఖర్చు మనదే, భోజనం మనదే. సంక్రాంతికి, దసరాకు, వేసవి సెలవులకు అది చెల్లదు. పిల్లల బడి తెరిచి ఉన్నప్పుడు మాత్రం భేషుగ్గా చెల్లుతుంది.

తగ్గింపు ధరలన్నీ మోసం కాదు, ఒప్పుకుంటాను. ఈ రాత్రి ఖాళీగా మిగిలిన హోటల్ గదిని రేపు అమ్ముకోలేరు. అందుకే జులై వానల్లో గోవా, కేరళ చౌకగా దొరుకుతాయి. టోకున గదులు తీసుకునే టూర్ ఆపరేటర్‌కు మనకంటే తక్కువ పడటంలోనూ వింత లేదు. అయితే నిజమైన తగ్గింపు లెక్కకు అందుతుంది. విమాన ఛార్జీ, గది అద్దె విడివిడిగా ఫోనులోనే చూసి కూడితే ప్యాకేజీ ధరకు కాస్త అటూ ఇటూగా రావాలి. సగానికి సగం తేడా ఉంటే ఆ మిగతా సగం ఎవరు భరిస్తున్నారని అడగాలి. డబ్బు సంస్థ ఖాతాకు కాక ఎవరో వ్యక్తి యూపీఐకి పంపమంటే అడగాల్సిన పని కూడా లేదు. కేదార్‌నాథ్ హెలికాప్టర్ టికెట్లనే చూడండి. వాటి అధికారిక బుకింగ్ ఐఆర్‌సీటీసీ నడిపే హెలీయాత్ర వెబ్‌సైట్‌లో మాత్రమే. వాట్సాప్‌లో అదే టికెట్ తగ్గింపు ధరకు ఇస్తామన్నారంటే, ఆ తగ్గింపే అబద్ధానికి సాక్ష్యం.

ఇవన్నీ తెలిసినవాళ్లూ ఆ హాల్లో పడిపోతున్నారు. అమాయకులు కనుక మోసపోయారనే మాట నాకు రుచించదు. మావాళ్లలో ఒకరు బ్యాంకులో పనిచేస్తారు! అక్కడ అమ్ముడుపోయేది గోవా కాదు, ఆలోచించుకునే వ్యవధి. దాన్ని తిరిగి ఇప్పించాల్సింది చట్టమే.

జీవిత బీమా పాలసీ తీసుకుని మనసు మారితే 30 రోజుల్లోపు వెనక్కి ఇచ్చేయవచ్చు. కొద్దిపాటి కోతలు పోను ప్రీమియం తిరిగి వస్తుంది. ఐరోపా సమాఖ్యలో టైమ్‌షేర్ ఒప్పందాన్ని కారణం చెప్పకుండానే 14 రోజుల్లో రద్దు చేసుకునే హక్కు 2008 నాటి ఆదేశంలోనే ఉంది. మన దగ్గర టైమ్‌షేర్‌కు ప్రత్యేక చట్టమే లేదు. కొన్ని కంపెనీలు తమంతట తాము కొన్ని రోజుల గడువు ఇస్తాయి. దయతో ఇచ్చేది హక్కు ఎలా అవుతుంది?

2019 వినియోగదారుల రక్షణ చట్టం మేలే చేసింది. కంపెనీ ఎక్కడున్నా మనం ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు, చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే రుసుము లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. కానీ అదంతా డబ్బు పోయాక మొదలయ్యే పరుగు. మావాళ్ల ఫైలు ఇంకా వాయిదాల్లోనే ఉంది.

2023లో కేంద్రం డార్క్ ప్యాటర్న్‌లంటూ 13 వెబ్ మాయలను గుర్తించి నిషేధించింది. "ఇంకా రెండే గదులున్నాయి" అంటూ కంగారు పెట్టే బూటకపు తొందర అందులో మొదటిది. తెర మీద ఆ పని చేస్తే దానికో పేరుంది, నిషేధం ఉంది. హోటల్ హాల్లో నలుగురు చుట్టూ కూర్చుని అదే పని చేస్తే అమ్మకాల నైపుణ్యం అంటున్నారు. పదమూడింటిని రాయగలిగిన శాఖకు ఇంకో నిబంధన రాయడం కష్టమా? విహార సభ్యత్వం ఏదైనా సంతకం పెట్టిన 15 రోజుల దాకా రద్దు చేసుకోవచ్చు, ఆ గడువు ముగిసేదాకా కంపెనీ ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు.