మోడ్స్ ఫోల్డర్ గారికి ఆడపెళ్లివారి ఉత్తరం

మహారాజశ్రీ మోడ్స్ ఫోల్డర్ గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టబోయి ఆగిపోయాను. ఇక్కడ కుశలం లేదు. మీ కుశలం అడగక్కర్లేదు, మీరెప్పుడూ బాగానే ఉంటారు, ఎవరు ఏ ఫైలు తెచ్చి పడేసినా ఔననీ కాదనీ అనకుండా లోపల వేసుకుని కూర్చుంటారు. కష్టమంతా ఆ తర్వాత ప్లే బటన్ నొక్కినవాడిది.

ముందు మీ అడ్రసు సంగతి. మైన్‌క్రాఫ్ట్ అని దిమ్మెలు పేర్చి ప్రపంచాలు కట్టుకునే కంప్యూటర్ ఆట ఉంది. దాని జావా ఎడిషన్‌లో మోడ్, అంటే బయటివాళ్లు రాసి జార్ అనే ఒక్క పొట్లంగా కట్టి ఇచ్చే అదనపు హంగు, వేయడం గురించి ఏ వీడియో చూసినా "జార్ ఫైలు తీసుకెళ్లి మోడ్స్ ఫోల్డర్‌లో వేయండి, అంతే" అంటారు. ఆ "అంతే" దగ్గర నా శనివారం మొత్తం ఊడ్చుకుపోయింది. మీరుండే యాప్‌డేటా వీధి మామూలు కళ్లకి కనిపించదు, విండోస్ దాన్ని దాచేస్తుంది. విండోస్ బటనూ ఆర్ కలిపి నొక్కి, వచ్చిన చిన్న డబ్బాలో పర్సంటేజీ గుర్తు, యాప్‌డేటా, మళ్లీ పర్సంటేజీ గుర్తు కొడితే రోమింగ్ అనే చోట దిగాం. అక్కడ పేరు ముందు చుక్కబొట్టు పెట్టుకున్న మైన్‌క్రాఫ్ట్ ఫోల్డర్ ఉంది. తెరిస్తే సేవ్స్ ఉంది, రిసోర్స్‌ప్యాక్స్ ఉంది, లాగ్స్ ఉంది, మీరు మాత్రం లేరు. ఎందుకు లేరయ్యా అంటే, మోడ్‌లని ఆటలోకి ఎక్కించే లోడర్ అనే ప్రోగ్రాం వేసి ఆటని ఒకసారి నడిపితే గానీ మీరు పుట్టరట! ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటే ఏమిటో మా మేనల్లుడికి ఆ రోజు ప్రాక్టికల్‌గా అర్థమైంది.

ఇన్ని రోజుల పరిచయం తర్వాత ఇంకా మీరూ గారూ ఎందుకు, నువ్వు అనే అంటాను.

నేనెవరో చెప్పలేదు కదూ. హైదరాబాద్‌లో ఉద్యోగం. సాఫ్ట్‌వేరే, కానీ నా పని బ్యాంకు లెక్కల రిపోర్టులు. ఈ తేడా మా అక్కకి పన్నెండేళ్లుగా చెప్తున్నాను, ఆవిడ వినదు. ప్రింటర్‌లో పేపర్ ఇరుక్కున్నా, కరెంటు బిల్లు ఆన్‌లైన్‌లో కట్టకపోయినా, టీవీలో బొమ్మ రాకపోయినా "నువ్వు చదివింది కంప్యూటరే కదరా" అంటుంది. వేసవి సెలవులకి రాజమండ్రి వెళ్లాను, చేతిలో ఇంకా మామిడిపండు ఉండగానే మా మేనల్లుడు ల్యాప్‌టాప్ తెచ్చి ఒళ్లో పెట్టాడు. ఆరో తరగతి. "మావయ్యా, రైలు మోడ్ వేసిపెట్టవా?"

వాడి కోరిక అన్యాయమైందేం కాదు. గోదావరి మీది ఆర్చి బ్రిడ్జి కట్టాడు, 1997లో వచ్చింది చూడు, అది. పుష్కర ఘాట్ మెట్ల మీద కూర్చుని లెక్కపెట్టుకొచ్చి 28 కమానులకి 28 కమానులూ తెల్ల రాయితో నిలబెట్టాడు. పాత హేవలాక్ వంతెనని ఎందుకు కట్టలేదురా అంటే "అది రిటైరైపోయింది కదా మావయ్యా" అన్నాడు. ఇంతా కట్టాక దాని మీద పోవడానికి ఆటలో ఉన్నది మైన్‌కార్ట్, అంటే ఒక ఇనప తొట్టి. తొట్టిలో కూర్చుని గోదావరి దాటడం వాడికి నామోషీగా ఉంది. క్రియేట్ అనే మోడ్ వేస్తే చక్రాలు, గేర్లు, నీటి మరలతోపాటు మనమే బోగీలు కట్టుకుని నడుపుకునే అసలైన రైళ్లు వస్తాయని ఎక్కడో చూశాడు.

సరే, డౌన్‌లోడ్ చేద్దామని కూర్చున్నాం. వెతగ్గానే మొదట వచ్చిన పేజీలో డౌన్‌లోడ్ అని రాసిన ఆకుపచ్చ బటన్లు ఐదున్నాయి, వాటిలో ఒక్కటి కూడా మోడ్‌ది కాదు, ఒకటి యాంటీవైరస్, ఒకటి పీడీఎఫ్ కన్వర్టర్, ఇంకోటి చెప్పడానికి వీల్లేనిది, పక్కన పిల్లాడున్నాడు. అవన్నీ దాటుకుని మోడ్‌లు పెట్టే సైట్లయిన మోడ్‌రింత్‌కో కర్స్‌ఫోర్జ్‌కో నేరుగా వెళ్లాలని తెలిసేసరికి టీ చల్లారింది. అక్కడైనా కళ్లు మూసుకుని దించుకోకూడదు, 2023 జూన్‌లో కర్స్‌ఫోర్జ్‌లోనే కొందరి అకౌంట్లు కాజేసి ఫ్రాక్చరైజర్ అనే మాల్‌వేర్‌ని మోడ్‌లలో కలిపి వదిలారు, పాస్‌వర్డ్‌లు ఎత్తుకుపోయే రకం. నాకు ఇది చదివాక టెన్షన్ పట్టుకుని అక్క నెట్‌బ్యాంకింగ్ ఉన్న ఆ ల్యాప్‌టాప్‌ని ఒకటికి రెండుసార్లు స్కాన్ చేయించాను.

నేను స్నానానికి వెళ్లొచ్చేలోపు మా వాడు ఇంకో ఘనకార్యం చేశాడు. జార్ ఫైలు మీద, పొట్లాలు విప్పే విన్‌రార్ ప్రోగ్రాం వాళ్ల పుస్తకాల బొమ్మ కనిపించేసరికి దాన్ని ఎక్స్‌ట్రాక్ట్ చేసేశాడు. నీలో నాలుగు వేల చిల్లర ముక్కలు! నువ్వు అప్పుడైనా "బాబూ, పొట్లం విప్పకుండా ఇవ్వాలి" అని ఒక్క మాట అన్నావా? లేదు. ఆ చిల్లరంతా కిక్కురుమనకుండా ఒళ్లో పోసుకున్నావు.

ఇక అసలు భాగోతం. నువ్వు ఫోల్డర్‌వి కాదు, విడిదిల్లువి. ఒక్క పెళ్లికొడుకుని పిలిచాం, వచ్చింది బస్సు నిండా జనం. క్రియేట్ వస్తానంది, ఏ ఇంటికి వస్తావని అడగాలని నాకు తెలీదు. లోడర్లలో ఫ్యాబ్రిక్, ఫోర్జ్ అని రెండు వంశాలున్నాయట, ఒకరి పంక్తిలో ఇంకొకరు కూర్చోరు. ఫ్యాబ్రిక్ 2018లో వచ్చింది, ఫోర్జ్ అంతకంటే చాలా పాతది. అది చాలదన్నట్టు ఫోర్జ్ వాళ్లలో వాళ్లకే పడక 2023లో వేరు కాపురం పెట్టి నియోఫోర్జ్ అన్నారు. నేను తేలిగ్గా ఉందని ఫ్యాబ్రిక్ వేసి, ఫోర్జ్ వాళ్ల జార్‌ని నీలో పెట్టాను. ఆట తెరుచుకుంది. రైలు లేదు. ఎర్రర్ కూడా లేదు! పెళ్లికొడుకుని గుమ్మం బయట నిలబెట్టి, లోపల సన్నాయి వాయించావు చూడు, అది నేను జన్మలో మర్చిపోను.

తర్వాత ఫ్యాబ్రిక్ సొంత మోడ్ ఒకటి వేసి చూస్తే అప్పుడు నోరు తెరిచింది ఆట: ఫ్యాబ్రిక్ ఏపీఐ కావాలి, అది లేదు. ఈ ఏపీఐ గారు పెళ్లిలో బాబాయి లాంటివారు, సొంతంగా ఏ పనీ చేయరు, ఆయన లేకపోతే ఎవరూ పీటల మీద కూర్చోరు. ఆయన్ని తెచ్చాం. ఆయన తప్పు వెర్షన్ ఆయన. మళ్లీ పంపించి సరైనాయన్ని తెచ్చాం.

చివరికి ఫోర్జ్‌కే మారాం. దాని ఇన్‌స్టాలర్ కూడా జార్ ఫైలే, డబుల్ క్లిక్ చేస్తే మళ్లీ విన్‌రార్ తెరుచుకుంది. ఎందుకంటే జార్‌ని నడిపే జావా అనే ప్రోగ్రాం సిస్టంలో లేదు. ఆటలో జావా ఉంది కదా అంటే అది ఆటని తెరిచే లాంచర్ తన కోసం తెచ్చుకున్న సొంత జావా, ఇంటికొచ్చిన చుట్టం పెట్టెలోని తువ్వాలు లాంటిది, మనం వాడుకోకూడదు. జావాల్లోనూ పట్టింపులున్నాయి. ఆట వెర్షన్ 1.16 దాకా జావా 8, 1.17కి 16, 1.18 నుంచి 1.20.4 దాకా 17, 1.20.5 నుంచి 1.21 వరస దాకా 21. మా ఇంట్లో ముహూర్తాల పంచాంగం దీనికంటే సులువు.

వేగం కోసం ఆప్టిఫైన్ వేయమని ఒకరు, సోడియం వేయమని ఇంకొకరు రాశారు. సోడియం ఫ్యాబ్రిక్ వాళ్లదని చూసి, ఫోర్జ్‌లో దాని తమ్ముడి వరసయ్యే ఎంబీడియం తెచ్చి, రెండూ ఉంటే ఇంకా వేగమని ఆప్టిఫైన్‌ని కూడా పక్కనే పెట్టాను. రెండూ బొమ్మ గీసే పనిని పూర్తిగా తమ చేతిలోకి తీసుకునేవే. ఒక ఇంట్లో ఇద్దరు పెద్దల్లుళ్లు. ఢామ్మని పడింది.

పడిన ప్రతిసారీ పక్కింట్లో, అంటే క్రాష్ రిపోర్ట్స్ ఫోల్డర్‌లో, ఒక శవ పంచనామా పడేది. ఈ పంచనామాల మొదట్లో ఒక చతురోక్తి ఉంటుంది, ఎవడు పెట్టాడో గానీ వాడికి నా నమస్కారం. మొదటిసారి "బాధపడకు, ఇదిగో ఒక కౌగిలింత" అంది. రెండోసారి "అయ్యో" అంది. అర్ధరాత్రి పన్నెండున్నరకి, ఏడోసారి పడినప్పుడు, "నా మెషీన్‌లో పనిచేస్తోందే" అంది. ఈ ముక్క నేను ఆఫీసులో టెస్టింగ్ వాళ్లతో వారానికి రెండుసార్లు అంటాను. వాళ్ల మొహాలు అలా ఎందుకు మారిపోయేవో ఆ రాత్రి తెలిసింది.

న్యాయంగా మాట్లాడుకుంటే తప్పు నీ ఒక్కదానిదే కాదు. ఈ ఆట జావా కోడ్‌ని చాలా ఏళ్లపాటు పేర్లు చెరిపేసి, ఏ బీ సీ అని అర్థంలేని అక్షరాలు పెట్టి బయటికి వదిలారు. ఆ అక్షరాలకి ఏది ఏమిటో మోడ్‌లు రాసేవాళ్లే ఏళ్ల తరబడి కూర్చుని పోల్చుకున్నారు, కంపెనీ ఆ పేర్ల పట్టిక బయటపెట్టింది 2019లో. పైగా 2012లో బకెట్ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్ రాసిన నలుగురిని ఉద్యోగంలోకి తీసుకుని, మోడ్‌ల కోసం అధికారికంగా ఒక ద్వారం తెరుస్తామన్నారు. ఆ ద్వారానికి ఇవాళ్టి వరకూ తోరణం కట్టలేదు. అందుకే ప్రతి కొత్త వెర్షన్‌కీ మోడ్‌లన్నీ విరుగుతాయి, వాటిని రాసినవాళ్లు, ఎక్కువమంది జీతం భత్యం లేకుండా, సాయంత్రాలు కూర్చుని మళ్లీ అతికిస్తారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. నాలాంటివాడు "రైలు రావట్లేదు" అని ఒక్క ముక్క రాసి, పంచనామా కాగితం కూడా జతచేయకుండా, అడుగుతుంటే కూడా ఓపిగ్గా జవాబిస్తున్నారు.

నిజానికి నిన్ను నేను ఇంకో రకంగా కూడా ఎరుగుదును. 2011లో ఇంజనీరింగ్ హాస్టల్లో ఉన్నప్పుడు నువ్వు మాకు దొరకలేదు. ఆట జార్‌నే విన్‌రార్‌లో విప్పి, మోడ్ ముక్కలు దాంట్లో దూర్చి, మెటా ఇన్ఫ్ అనే ఫోల్డర్‌ని గుర్తుపెట్టుకుని తీసేయాలి, మర్చిపోతే నల్ల తెర. గుండె చేత్తో పట్టుకుని చేసిన ఆపరేషనే, కానీ ఏం కోస్తున్నామో కళ్ల ముందు ఉండేది. నువ్వొచ్చాక కొయ్యడం పోయింది, ఊహించడం మొదలైంది.

ఆదివారం సాయంత్రానికి మెయిన్ మెనూ వచ్చింది. కింద మూలన మోడ్‌ల సంఖ్య కూడా కనిపించింది, ఇంట్లో అందరినీ పిలిచి చూపించాను, అక్క "ఇంతేనా" అంది. మెనూ దాటి వెళ్తే నత్తనడక, లాంచర్ ఆటకి ఇచ్చిన మెమరీ 2 జీబీయే. వంద మంది పెళ్లికి రెండు గిన్నెల పప్పు. జేవీఎం ఆర్గ్యుమెంట్స్ అనే చోట ఆ 2ని 4 చేశాను. అన్ని రోజుల్లో నేను చేసిన పనులన్నిటిలో మొదటిసారికే పనిచేసింది అదొక్కటే.

అప్పుడు తెలిసింది అసలు కథ. వాడి వంతెన ఉన్నది 1.21.4లో. రైలు ఉన్నది 1.20.1లో. కొత్త వెర్షన్‌లో కట్టిన ప్రపంచాన్ని పాతదానిలో తెరిస్తే పాడైపోవచ్చని ఆటే హెచ్చరిస్తుంది. ముందే సేవ్స్ ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి ఉంచాను కాబట్టి ప్రాణం నిలబడింది గానీ, ఈ సంగతి పిల్లాడికి ఎలా చెప్పాలో తెలీక అరగంట వరండాలో అటూ ఇటూ తిరిగాను. చెప్పాను. ఏడుస్తాడనుకున్నా. వాడు కాసేపు కళ్లు చికిలించి చూసి, "పోనీ మళ్లీ కడతాలే మావయ్యా, పోయినసారి కొవ్వూరు వైపు మలుపు తప్పొచ్చింది" అన్నాడు. అని కట్టాడు. రోజున్నర. 28 కమానులు, ఈసారి కొవ్వూరు స్టేషన్ కూడా, ప్లాట్‌ఫారం మీద వేరుశనక్కాయల బండితో సహా.

మంగళవారం రాత్రి మూడు బోగీల రైలు గోదావరి దాటింది. నీలం రంగు. ఈల ఉంది. మా బావ వార్తలు ఆపి వచ్చి చూశాడు.

తెల్లారి వాడు ఫ్రెండ్స్‌ని పిలుస్తానన్నాడు, అందరూ కలిసి ఆ రైలెక్కాలట. ఫ్రెండ్స్ అందరూ ఆడేది ఫోన్లో. ఫోన్లో ఉండేది బెడ్‌రాక్ ఎడిషన్. బెడ్‌రాక్ వాళ్లు జావా వాళ్ల ప్రపంచంలోకి మామూలుగా రాలేరు, మోడ్‌లున్న ప్రపంచంలోకి అసలే రాలేరు, అక్కడ నీలాంటి ఫోల్డరే ఉండదు. నేను ఫోన్‌తో ల్యాప్‌టాప్ తెరని వీడియో తీసి పెట్టాను. వాట్సాప్‌లో ఒక పిల్లాడు "సూపర్ రా, ఏ యాప్ అది" అని అడిగాడు.

ఇప్పుడు నీకు చెప్పాల్సింది ఒకటుంది, కోపం తెచ్చుకోకు. కొత్త మోడ్ ఏది వేసినా ముందు నిన్ను కాపీ చేసి పేరు మార్చి దాచడం మా వాడికి నేర్పాను. ప్రస్తుతం మీ ఇంటి పేరుతో మోడ్స్, మోడ్స్ ఓల్డ్, మోడ్స్ ఓల్డ్ టూ, మోడ్స్ ఫైనల్ అని నలుగురున్నారు. ఆట తలుపు తట్టేది ఒక్క మోడ్స్‌నే. రైలు మాత్రం ఓల్డ్ టూలో ఉందని వాడు, ఫైనల్‌లో ఉందని నేను. ఈ ఉత్తరం మీ నలుగురిలో ఎవరికి అందితే వాళ్లు కాస్త చూసి చెప్పండి.

ఇట్లు,
ఆడపెళ్లివారి తరఫున,
మావయ్య

తా.క. వీడియో చూసిన ఆ పిల్లాడికి వాళ్ల నాన్న కంప్యూటర్ కొన్నాడట. మా అక్క నా నంబర్ ఇచ్చింది.