ముందు సూది, తర్వాత లెక్కలా?

ఐదారేళ్లు నిండి పన్నెండేళ్లలోపు ఉన్న పిల్లలకు కొవాగ్జిన్, కార్బెవ్యాక్స్ అనే కొవిడ్ టీకాలు వేసేందుకు ఔషధ నియంత్రణ సంస్థ 2022 ఏప్రిల్ 26న అత్యవసర అనుమతి ఇచ్చింది. వారం తిరగకముందే, మే 2న, పిల్లలపై జరిపిన ప్రయోగాల ఫలితాల్లో ఇంకా వెల్లడించనివి ఉంటే వీలైనంత త్వరగా ప్రజల ముందుంచాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. గుంటూరు జిల్లా కోర్టులో న్యాయవాదిగా పనిచేసిన జస్టిస్ లావు నాగేశ్వరరావు, జస్టిస్ గవాయ్‌తో కలిసి ఇచ్చిన తీర్పు ఇది. అడగకముందే చెప్పాల్సిన సంగతిని కోర్టు చేత చెప్పించుకోవడమే మాకు మింగుడుపడటం లేదు.

మేం టీకాకు వ్యతిరేకులం కాము. కొవాగ్జిన్ నిర్జీవ వైరస్‌తో, కార్బెవ్యాక్స్ వైరస్‌లోని ప్రొటీన్ భాగంతో తయారైనవి. రెండూ వైద్యులకు ఏళ్లుగా పరిచయమున్న పద్ధతులే. విదేశాల్లో కొందరు యువకులకు అరుదుగా గుండె కండరాల వాపు తెచ్చిన ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలను (వైరస్ ప్రొటీన్‌ను శరీర కణాల చేతే తయారు చేయించేవి) మన దేశ కార్యక్రమంలో పిల్లలకు వేయనే లేదు. కానీ ఆ అరుదైన దుష్ఫలితం బయటపడింది ప్రయోగశాలలో కాదు, లక్షల డోసులు వేశాకే. కొవాగ్జిన్‌ను 2 నుంచి 18 ఏళ్ల వారిలో పరీక్షించింది 525 మందిపై. పదివేల మందిలో ఒకరికి వచ్చే ఇబ్బంది అంత చిన్న గుంపులో కనపడకపోవడమే సహజం. పైగా వారిలో ప్రధానంగా చూసింది యాంటీబాడీలు ఏ మేరకు పెరిగాయని. జబ్బును ఎంతవరకు ఆపిందన్నది నేరుగా కొలిచిన లెక్క కాదు. పిల్లల్లో అత్యధికులకు కొవిడ్ స్వల్పంగానే వచ్చి పోతున్నప్పుడు, లాభనష్టాల తూకం పెద్దలకన్నా మరింత జాగ్రత్తగా వేయాలి.

అత్యవసర వేళ ఆలస్యం ప్రాణాంతకమని అధికారులు అంటారు. అందులో కొంత నిజముంది. అయితే 2021 జనవరి 3న కొవాగ్జిన్‌ను పెద్దలకు అనుమతించినప్పుడు వేల మందిపై జరిపే మూడో దశ ప్రయోగ ఫలితాలు రాలేదు. ఆ డిసెంబరులో 12 ఏళ్లు దాటినవారికి అనుమతి ముందు వచ్చింది, ప్రయోగ వివరాలు ఆ తర్వాత వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో చిన్నపిల్లల వంతు వచ్చింది. అత్యవసరం పేరిట ఒకసారి ఇచ్చిన మినహాయింపు మూడోసారికి ఆనవాయితీ అయింది. రేపు మరో రోగానికి మరో మందు వచ్చినప్పుడు ఇదే దారి రాజమార్గమవుతుంది.

పోలియో చుక్కలకు బెజవాడ వీధుల్లో బిడ్డల్ని ఎత్తుకొచ్చిన తల్లులను ఎవరూ బెదిరించలేదు, నమ్మకమే నడిపించింది. ఆ నమ్మకాన్ని తాకట్టు పెట్టే హక్కు ఏ అధికారికీ లేదు. ఎందరిపై పరీక్షించారో, ఏమి కనుగొన్నారో, టీకా తర్వాత ఇబ్బంది వస్తే ఎవరికి చెప్పాలో వివరించే ఒక కాగితాన్ని తెలుగులో అచ్చువేసి ప్రతి వార్డు సచివాలయంలో అంటించండి. అది కూడా చేతకాకపోతే, చిన్నపిల్లల బడులకు సిరంజిలు పంపకండి.